ముందు గోడ లేని పంపు హౌసు

గోదావరి మీద రైలు వంతెన కట్టే రోజుల్లో ఇంజనీరు దొర నన్ను పక్కకు పిలిచి సలహా అడిగాడని మా వీధిలో ఇప్పటికీ చెప్పుకుంటారు. చెప్పింది నేనే. అసలు జరిగింది, ఆయన గుర్రం ఆపి రేవుకు దారెటని అడిగాడు, నేను చెయ్యి చూపించాను. ఆయన ఆ చేతివైపు కాకుండా మరోవైపు వెళ్ళాడు. అయినా వంతెన నిలబడిందా లేదా?

నేను చెప్పే మాటల్లో కొంత తరుగు తీసేసి పుచ్చుకోవడం మా ఇంటికి వచ్చేవాళ్ళందరికీ అలవాటే. ఈ పంపు హౌసు సంగతిలో మాత్రం తరుగు నేనే తీసి ఇవ్వాలి. ఎందుకంటే ఇది రాస్తుంటే మా ఆవిడ పక్కన కూర్చుని దీపానికి వత్తులు చేసుకుంటోంది. ఆవిడకు చదవడం రాదు. రాసిన ప్రతి ముక్కా గట్టిగా చదివి వినిపించాలని షరతు పెట్టింది.

వంతెన మీద రైలు నడిచాక వచ్చిన మొదటి దసరా అది. మా ఊళ్ళో బొమ్మల కొలువు చాలామంది సంక్రాంతికి పెడతారు. మా ఆవిడ పుట్టింటివారిది దసరా ఆచారం. ఆవిడ కాపురానికి వచ్చినప్పుడు బొమ్మల పెట్టె కూడా వెంట వచ్చింది. కొయ్య రాజూ రాణీ, మట్టి కోమటి దంపతులు, వెన్న తినే కృష్ణుడు, ఇంకా టోపీ పెట్టుకుని ఒక చెయ్యి బారచాపి నిలబడ్డ దొర బొమ్మ. ఆ దొర ఎవరికి దారి చూపిస్తున్నాడో ఎవరికీ తెలియదు. ఆయన్నే మేము ఆ ఏడు స్టేషను మాస్టరును చేశాం.

గొడవంతా మా ఎదురింటి వకీలుగారి అరుగు మీద మొదలైంది. ఆయన పండుగకు ముందే దొరల సీమ నుంచి రేకు రైలు తెప్పించాడు. చిన్న ఇంజను, వెనక రెండు పెట్టెలు, గుండ్రంగా పట్టాలు. తాళం తిప్పి వదిలితే గిర్రున తిరిగేది. దాంతోపాటు రేకు స్టేషను కూడా వచ్చింది. ఎర్రటి వాలు కప్పు, కప్పు మీద చలి కాచుకునే పొగగూళ్ళు, గోడలనిండా పూలతీగలు. నేను స్కూలు మేష్టరును. తప్పు కనబడితే దిద్దకుండా ఉండలేని జబ్బు.

“ఇది ఏ ఊరి స్టేషనండీ?” అన్నాను.

“స్టేషను స్టేషనే మేష్టారూ. ఊరేంటి?”

“మన ఊరికి రైలొచ్చిందని కదండీ ఈ సంబరం? మన స్టేషనులో పొగగూళ్ళెక్కడున్నాయి? ఆశ్వయుజంలో ఇంత ఉక్కపోస్తుంటే లోపల కూచుని చలి కాచుకునే మాస్టరెవరండీ?”

అరుగు మీద వాళ్ళు నవ్వారు. వకీలుగారు కూడా నవ్వాడు గాని, ఆయన నవ్వు కోర్టులో నవ్వేది.

“అయితే మీరు కట్టండి. జీలుగు బెండు ముక్కలు తెచ్చుకుని, పెళ్ళికి బాసికాలు కట్టినట్టు కట్టండి!”

ఈసారి అరుగంతా నవ్వింది.

“కడతాను. స్టేషను ఎవడైనా కడతాడండీ. నేను ఇంజనుకు నీళ్ళు తోడే పంపు హౌసు కడతాను. మన గోదావరి గట్టు మీద ఉన్నదే. పొగగొట్టంతో సహా. ప్లాను ప్రకారం!”

ఆ చివరి మాట ఎందుకు అన్నానో నాకిప్పటికీ తెలియదు. వకీలుగారు దాన్ని గాలిలోనే పట్టుకున్నాడు.

“ప్లాను ప్రకారం. అందరూ విన్నారుగా? కట్టలేకపోతే?”

“కట్టలేకపోతే మా బొమ్మలన్నీ తెచ్చి మీ రేకు స్టేషను ముందు నిలబెడతాను. మా ఇంట్లో ఇక కొలువుండదు. కడితే మీ రైలు మా ఇంటికొచ్చి మా పంపు దగ్గర ఆగాలి.”

వీధి దాటి మా గుమ్మంలోకి వచ్చేసరికి ఈ మాట నాకంటే ముందు ఇంట్లోకి వెళ్ళిపోయింది. మా ఆవిడ వాకిట్లో నిలబడి ఉంది.

“బొమ్మలెవరివండీ?”

“మనవే.”

“మనవి కావు. మా అమ్మవి. నరసాపురం నుంచి కాలవ మీద పడవలో ఒళ్ళో పెట్టుకుని తెచ్చి నాకు అప్పజెప్పింది. పందెం వెయ్యడానికి మీ మీసాలు లేవూ?”

“మీసాలు పెడితే వకీలేం చేసుకుంటాడే?”

“బొమ్మలేం చేసుకుంటాడు? నన్ను ఏడిపించడానికి కాకపోతే!” గొంతు తగ్గించింది. ఆవిడ గొంతు తగ్గిస్తేనే భయం. “ఆ బొమ్మలు ఈ గుమ్మం దాటాయంటే వాటి వెనకే నేనూ దాటతాను. నరసాపురం పడవ ఇంకా నడుస్తోంది. కడతానన్నారుగా, కట్టండి.”

ఇదీ పరిస్థితి. కట్టవలసింది పంపు హౌసు, పోయేది మా ఆవిడ కొలువు. ఆ పంపు హౌసునేమో నేను సరిగ్గా చూసిందే లేదు. చూసినవాడు మా వీధిలో ఎవడూ లేడు. రైలువారు దాని చుట్టూ మనిషెత్తు తాటాకు దడి కట్టించారు. రేవులో స్నానానికి దిగితే దడి పైన నల్లటి పొగగొట్టం, కప్పు అంచు కనిపించేవి. లోపలి నుంచి ధబ్ ధబ్‌మని చప్పుడు వినిపించేది. అంతే.

మొదట సులువైన దారి పట్టాను. లండనుకు తంతి కొట్టి ఒక పంపు హౌసు పంపించమన్నాను. తరుగు: లండను కాదు, మద్రాసు. తంతి కాదు, టపా. సీమ ఆటసామాన్లు అమ్మే కొట్టు పేరు వకీలుగారి గుమాస్తా దగ్గర సంపాదించి, “రైలు బండ్లకు సంబంధించిన నీటి యంత్రపు ఇల్లు, ఇక్కడ అమర్చుకొనుటకు వీలైనది” అని రాశాను. పార్సిలు వచ్చింది. విప్పితే రంగు రంగుల అట్టలు. గీతల వెంబడి కత్తిరించి, మడిచి, అంటిస్తే ఇల్లు లేస్తుందని బొమ్మల్లో చూపించారు. చింతగింజల బంక కాచి అంటించాను. లేచింది. ఇల్లే. పక్కన ఏరు, ఏటిలో తిరిగే పెద్ద చక్రం, ఇంటి కప్పు మీదంతా తెల్లగా.

మా ఆవిడ చుట్టూ తిరిగి చూసింది.

“కప్పు మీద ఆ తెలుపేంటండీ? పావురాల రెట్టా?”

“మంచు.”

“కరగదా?”

“వాళ్ళ దేశంలో కరగదు.”

“అయితే మన ఎండలో పెట్టండి చూద్దాం.” చక్రం మీద వేలు పెట్టింది. “మరి దీన్ని ఏరే తిప్పుతోంది కదా? మన రేవు దగ్గరది గోదావర్ని పైకి లాగుతుంది. ఇదేమో ఏటి చేత పిండి విసిరించుకుంటోంది. రెంటికీ పొంతనేంటి?”

ఈ సంగతి నేను కూడా గమనించానని చాలామందితో అన్నాను. గమనించలేదు. ఆవిడ చెప్పాకే చూశాను. ఆ అట్ట ఇల్లు ఆవకాయ జాడీ మీద చాలాకాలం మూతగా పనిచేసింది. మంచు దాని మీదే ఉండిపోయింది.

మిగిలింది అసలు ప్లాను. మా బావమరిది, అంటే మా ఆవిడ తమ్ముడు, వంతెన కట్టినన్నాళ్ళూ గట్టు మీది డ్రాయింగు ఆఫీసులో పని చేశాడు. దొరలు గీసిన ప్లాన్ల మీద పల్చటి గుడ్డ పరిచి, మళ్ళీ సిరాతో తిరగగీయడం అతని పని. వంతెన పూర్తయ్యాక ఆ ఆఫీసు ఎత్తేస్తూ, చెడిపోయిన గీతలన్నీ బయట పారేస్తుంటే, అందులోంచి ఒకటి చుట్టి తెచ్చాడు.

“పంపు హౌసేనండి బావగారూ. నేను గీసిందే. చివర్లో సిరా బొట్టు పడిందని మా దొర పనికిరాదన్నాడు. మళ్ళీ గీశాను, ఇది మిగిలిపోయింది. ఒక్కటి గుర్తుంచుకోండి, దీనికి తడి తగలకూడదు.”

నేను బుర్ర ఊపాను. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు.

ఆ ప్లాను చూడాలి మీరు. నీలం ఛాయ గల గుడ్డ, గంజి పెట్టి ఇస్త్రీ చేసినట్టు బిరుసుగా, వెలుతురు ఇటునుంచి అటు కనబడేంత పల్చగా. దాని మీద వెంట్రుకంత సన్నని గీతలు. మధ్యాహ్నమంతా అరుగు మీద పరుచుకుని కూర్చున్నాను. నేల మీద అడ్డంగా బాయిలరు, దాని వెనక పొగగొట్టం, పక్కన పెద్ద చక్రం, నేల కింద లోతుగా నుయ్యి, నూతిలోకి దిగిన గొట్టం, దాని కింద గోదావరి నీటి మట్టం. అన్నీ చూశాను. ఒక్కటే వింత. ఎంత వెతికినా ఆ ఇంటికి ముందు గోడ లేదు. వెనక గోడ, అటూ ఇటూ గోడలు ఉన్నాయి, ముందు మాత్రం ఖాళీ. గాలి కోసం వదిలేసి ఉంటారనుకున్నాను. బాయిలరు దగ్గర నిలబడేవాడికి ఆ సెగలో గాలి ఆడాలి కదా. రైలువారిలో కూడా దయగల మనిషి ఒకడున్నాడని సంతోషించాను.

చీకటి పడబోతుంటే ప్లాను మడిచి, ఇంట్లో అన్నిటికంటే భద్రమైన చోటు ఏదని ఆలోచించి, కొలువు కోసం కట్టిన మెట్ల మీద పై మెట్టున పెట్టాను. ఆ మెట్లు మా ఆవిడ అప్పుడే మడి కట్టుకుని, కడిగి, బట్ట పరిచి సిద్ధం చేసింది.

పొద్దున లేచి చూస్తే ప్లాను లేదు. పెరట్లో దండెం మీద ఒక తెల్లటి గుడ్డ ఆరుతోంది.

“ఏమే, మెట్ల మీద నా ప్లాను...”

“ప్లానో ఏంటో నాకు తెలీదు. ఆఫీసు మైలతో ఒక గుడ్డ తెచ్చి మడి మెట్ల మీద పడేశారు. తడిపి ఆరేశాను.”

“తడిపావా!”

“గుడ్డ కాదా అది?”

“ప్లానే!”

“ప్లాను కాగితం మీద గీస్తారు గాని గుడ్డ మీద గీస్తారా ఎవరైనా? కాగితమైతే ముట్టుకునేదాన్నే కాదు. గుడ్డకి మైల అంటుతుంది, తడపాలి. మీకీ మాత్రం తెలీదూ?”

దండెం దగ్గరికి పరుగెత్తాను. గంజీ, నీలం ఛాయా, గీతలూ అన్నీ కడుక్కుపోయాయి. బాయిలరు లేదు, నుయ్యి లేదు, గోదావరి మట్టం లేదు. చేతికి తగిలింది ఉప్పాడ నేతలాంటి మెత్తని సన్న గుడ్డ. ఒక మూల మాత్రం బూడిదరంగు మచ్చ మిగిలింది. ఏ సిరా బొట్టు పడిందని దొర ప్లానును పారేశాడో, ఆ బొట్టొక్కటే పోలేదు.

నేను అక్కడే కూలబడ్డాను. నా మొహం చూసి మా ఆవిడకి కూడా సంగతి అర్థమైంది. అయినా తగ్గలేదు.

“నిన్నంతా చూశారుగా? పిల్లలకు ఎక్కాలు అప్పజెప్పించే మనిషి, ఒక ఇల్లు గుర్తుంచుకోలేరూ?”

ఆ మాట పట్టుకుని కట్టాను. ప్లాను కొలతలన్నీ నా బుర్రలో అంగుళం పొల్లుపోకుండా ఉన్నాయని వకీలుగారికి కబురు పంపాను. లేవు. దొర బొమ్మే నా కొలత. ఆయన లోపల నిలబడితే టోపీ కప్పుకు తగలకూడదు, చాచిన చెయ్యి బాయిలరుకు తగలకూడదు. గోడలు జీలుగు బెండువే. బాసికాలని వకీలు వెక్కిరించాడు కనక కావాలని బెండుతోనే కట్టాను. ఎర్ర జాజు పూసి, సున్నంతో ఇటుకల వరసలు గీశాను. పొగగొట్టానికి వెదురు బొంగు, మసి పూసి. బాయిలరు దగ్గర చిక్కొచ్చింది. ఎంత వెతికినా ఇంట్లో దానికి పోలిక ఒక్కటే ఉంది, మా ఆవిడ ప్రయాణాల్లో నీళ్ళు పట్టుకెళ్ళే ఇత్తడి మరచెంబు. అడ్డంగా పడుకోబెడితే అచ్చం బాయిలరే. పాత రాట్నం చక్రాన్ని పక్కన బిగించాను. ఇంటిని పీట మీద ఎత్తుగా నిలబెట్టి, నేల కింద నూతికి మట్టిగొట్టం దించాను. ముందు గోడ పెట్టలేదు. ప్లానులో లేనిది నేనెందుకు పెడతాను?

చివరికి మా ఆవిడ ఆ ఉతికిన గుడ్డను జాజు నీళ్ళలో ముంచి, ఆరబెట్టి, పీట కింద ముడతలు ముడతలుగా పరిచింది. వరద తగ్గుముఖం పట్టిన ఎర్ర గోదావరి. సిరా మచ్చ నడిమధ్యకు వచ్చింది.

“ఆ మచ్చ కనిపిస్తోందే,” అన్నాను.

“కనిపించనివ్వండి. అది లంక,” అని దాని మీద నాలుగు గడ్డిపరకలు గుచ్చింది.

పేరంటం సాయంత్రం వీధి వీధంతా మా ఇంటి ముందే ఉంది. కలెక్టరుగారి బండి కూడా ఆగింది. తరుగు: అది కుండలబండి, జనం అడ్డొచ్చి ఆగింది. బాయిలరు కింద మూకుడులో నిప్పులు పెట్టి సాంబ్రాణి వేశాం. వెదురు బొంగులోంచి పొగ లేచింది. ఆడవాళ్ళు “అమ్మయ్యో!” అన్నారు. అప్పుడు వకీలుగారు కండువా సర్దుకుంటూ లోపలికి వచ్చాడు. వంగి చూశాడు. అటూ ఇటూ చూశాడు. నిటారుగా లేచాడు.

“ముందు గోడేది మేష్టారూ?”

నా పక్కనే ఉన్న బావమరిది నవ్వాపుకోలేక కండువా నోట్లో కుక్కుకుంటున్నాడు. నా చెవిలో గొణిగాడు.

“బావగారూ, నేను గీసింది ఇంటిని నిలువునా కోసి చూపించే బొమ్మండి. లోపల ఏముందో తెలియడానికి అలా గీస్తారు. ముందు గోడ ఉంటుందండి!”

“పనసకాయను కోసినట్టా?”

“అంతేనండి!”

గోడ లేకుండా కావాలనే కట్టానని ఆ తర్వాత ఊరంతా చెప్పాను. లోపల జనానికి కనబడాలనే కట్టానన్నాను. అబద్ధం. ఆ నిమిషం దాకా ఆ ఇంటికి నిజంగానే గోడ లేదనుకున్నాను. ఎదురుగా మెట్ల మీద వెన్న ముద్దతో కృష్ణుడు, రాజూ రాణీ, వాళ్ళ పక్కన మా ఆవిడ. ఆవిడ నా వైపే చూస్తోంది. తప్పయిందని ఒప్పుకుంటే ఆ బొమ్మలు పెట్టెలోకి, పెట్టె వీధి అవతలికి. ఒప్పుకోలేదు.

“లేదు,” అన్నాను గట్టిగా. “ప్లానులో గోడ లేదు.”

“గోడ లేని ఇల్లుంటుందా?”

“వకీలుగారూ, మీరన్న మాటేంటి? ఇల్లు ప్రకారం అన్నారా, ప్లాను ప్రకారం అన్నారా? అరుగు మీద అందరూ విన్నారు. ప్లానులో లేని గోడ పెడితే మాట తప్పినవాణ్ణి నేనవుతాను.”

“ఏదీ, ప్లాను చూపించండి.”

మా ఆవిడ పీట కిందికి వేలు చూపించింది. “అదిగోండి అన్నయ్యగారూ.”

“ఇది గోదావరి కదమ్మా?”

“మొన్నటిదాకా ప్లానే. మైలగుడ్డని నేను తడిపాను. పండగపూట మైలగుడ్డ కొలువులో పెట్టుకుంటారా మీ ఇంట్లో?”

పెట్టుకుంటామని ఎలా అంటాడు? “మరి సాక్ష్యం?” అన్నాడు.

బావమరిది నోట్లోంచి కండువా తీశాడు. “గీసింది నేనేనండి. ముందు గోడ గీయలేదు. ఏ ప్రమాణమైనా చేస్తాను.”

అతను చెప్పిన ప్రతి ముక్కా నిజమే. వకీలుగారు ఇంకేదో అడగబోయాడు. ఈలోగా ఆయన భార్య పంపు హౌసు ముందు చతికిలబడి, తల లోపలికి పెట్టినంత పని చేసి చూస్తోంది.

“వదినా, నీళ్ళు ఈ నూతిలోంచి పైకెలా వస్తాయి?”

మా ఆవిడ పక్కన కూర్చుని రాట్నం చక్రం తిప్పింది. “ఇదిగో, ఇక్కడ నీళ్ళు కాగి ఆవిరవుతాయి. ఆవిరి దీన్ని తోస్తుంది. ఇది కవ్వంలాగా ఇటూ అటూ లాగుతుంది. అప్పుడు గొట్టంలోంచి నీళ్ళు ఎక్కుతాయి.” ఇదంతా నేను ఆవిడకు చెప్పిందే. నేను చెప్పినప్పుడు ఇంత తేలిగ్గా లేదు.

“రోజూ రేవులో బిందె ముంచుకుంటూ ఆ పొగ చూస్తున్నాం, ఆ ధబధబలు వింటున్నాం. లోపలేముందో ఇవాళ తెలిసింది తల్లీ. గోడ కట్టేసుంటే ఏం కనిపించేది?” భర్త వైపు తిరిగింది. “ఇంకా ఏంటండీ ఆలోచిస్తారు? రైలు పట్టించుకురండి. దానికి దాహంగా ఉంటుంది.”

రేకు రైలు వీధి దాటి వచ్చింది. మా పంపు హౌసు పక్కన నిలబెడితే ఇంజను చుంచెలుకంత ఉంది. దొర బొమ్మ దాన్ని చంకలో పెట్టుకునేలా ఉన్నాడు. అయినా వకీలుగారు తాళం తిప్పాడు, అది గిర్రున తిరిగి మా పంపు దగ్గర ఆగింది. తరుగు: అక్కడ పట్టాల మీద గడ్డిపరక పడింది. ఆగిందా లేదా?

బొమ్మలు మా ఇంట్లోనే ఉన్నాయి. తరువాత ఒక వరదకు గట్టు మీద తాటాకు దడి కొట్టుకుపోతే అసలు పంపు హౌసు బయటపడింది. ముందు గోడ ఉంది. కిటికీలు కూడా ఉన్నాయి. చూసి ఇటు తిరిగి వచ్చేశాను. బావమరిది పట్టుబట్టి ముందు గోడ బొమ్మ ఒకటి గీసి తెచ్చాడు, ఈసారి కాగితం మీద. మా ఆవిడ దాన్ని తడపలేదు. నేనూ కట్టలేదు. ఏటా దసరాకి ఎవరో ఒకరు కొత్తగా వచ్చి గోడేదని అడుగుతారు. గోడ కావలసినవాళ్ళు రేవుకి వెళ్ళి చూసుకోవచ్చు.

“నేను పోయాక ఎవడో తెలివైనవాడు దీనికి గోడ పెడతాడు,” అని ఇప్పుడే చదివి వినిపించాను.

“నేనుండగానా? ఎలా పెడతాడో చూస్తాను,” అంది మా ఆవిడ, వత్తి నలుపుతూ.

ఈ మాటలో తరుగు లేదు.